తోక వదిలిన ముడి

కారు తోట గట్టున ఆగడం చూసి భాగ్యవతి ఎండుపుల్లలు దించుతున్న గడని చెట్టుకి ఆనించింది. ముందు సుభాష్ మోటార్‌ సైకిలు, దాని వెనక తెల్ల కారు. తెల్ల కారంటే ఆమెకి పడదు. నిరుడు ఇలాంటిదే ఒకటి వచ్చి పక్క తోట ముందు ఆగింది. దిగినవాళ్ళు మర్యాదగా మంచినీళ్ళు అడిగారు. వానలు పడేసరికి ఆ తోటలో చెట్టన్నది లేదు. ఇప్పుడక్కడ కంకర రోడ్లు, వరసగా పాతిన రంగు రాళ్ళు, ముందు ఒక ఆర్చి ఉన్నాయి. ఆర్చి నెత్తిన సిమెంటుతో చేసిన మామిడిపండు.

"ఎవరండీ వాళ్ళు?" అంది తోట పనికొచ్చే సీతారావమ్మ, రాలిన కాయలు ఏరి గంపలో వేస్తూ.

"మంచినీళ్ళు అడిగేవాళ్ళు."

కారులోంచి ముందు ఒక పెద్దాయన దిగాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, మడత నలగని పంచె. గట్టు దిగబోతూ ఆగి, చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఉత్త కాళ్ళతో తోటలోకి వచ్చాడు. వెనక జీన్సు ప్యాంటు అమ్మాయి, భుజాన సంచి, చేతిలో నల్లపెట్టె.

"చెప్పులు విప్పాడండోయ్," అంది సీతారావమ్మ.

"చూశాలే. వీడు మరీ ముదురు."

సుభాష్ బండి స్టాండు వేసి వచ్చాడు. భాగ్యవతి మరిది బసవపున్నారావు కొడుకు. భర్త పోయిన దగ్గర్నుంచీ ఈ తోటకి మందు కొట్టించడం, కాయ మార్కెట్ యార్డుకి తోలడం అన్నీ అతనే. పిలవకుండానే వస్తాడు, అడగకుండానే చేస్తాడు. ఈ ఏడు బంగినపల్లి కాయకి కాగితం సంచులు తెచ్చి తొడిగించింది కూడా అతనే.

"పెద్దమ్మా, వీళ్ళు గుడివాడ నుంచి వచ్చారు. మురళీకృష్ణ గారు. ఈ అమ్మాయి ఆయన మనవరాలు కీర్తిప్రియ. పాత ప్రేమకథ సినిమాలు ఎక్కడెక్కడ తీశారో వెతికి వీడియోలు పెడుతుంది. మన సినిమా చెట్టు చూస్తారంట." ఇంతలో అతని ఫోను మోగింది. తెర వంక చూసుకుని, "నువ్వు చూపిస్తూ ఉండు, ఇప్పుడే వస్తా," అని బండెక్కి వెళ్ళిపోయాడు.

పెద్దాయన చేతులు జోడించాడు. "నమస్కారమమ్మా. మీ తోట నాకు చాలాకాలంగా తెలుసు."

తోట తనకి తెలుసంటాడేంటి ఈయన? భాగ్యవతి కొంగు నడుముకి బిగించింది. "ఎలా తెలుసండీ? ఎప్పుడూ చూసినట్టు లేదే."

"సినిమాలో చూశానమ్మా. అందులో ఒక కొమ్మ నేలకి అడ్డంగా వాలి ఉంటుంది. హీరోహీరోయిన్లు దాని మీద కూర్చుంటారు."

ఆ కొమ్మ వాళ్ళు నిలబడ్డ చోటికి కూతవేటు దూరంలో, రోడ్డు వరసకి వెనకే ఉంది. ఒక్క పక్కకి తల తిప్పితే కనపడేదే. భాగ్యవతి చెయ్యెత్తి, దానికి సరిగ్గా ఎదురు దిక్కున, కాలవ గట్టు దగ్గరున్న కలెక్టరు మామిడి చెట్టు చూపించింది.

"అదేనండీ. కొమ్మ గాలివానకి పోయింది. మొద్దే మిగిలింది."

సీతారావమ్మ గంపలోంచి తలెత్తింది. భాగ్యవతి చూపు చూసి మళ్ళీ దించేసింది.

ఆయన కలెక్టరు చెట్టు దగ్గరికి వెళ్ళాడు. మొదలుని అరచేత్తో నిమిరాడు. తర్వాత వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ వచ్చి, ఒకచోట గొంతుక్కూర్చుని, రెండు చేతుల వేళ్ళూ చదరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి అందులోంచి చూశాడు. లేచి ఎడమ పక్కకి జరిగాడు. మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ కన్ను మూశాడు.

"కొలుస్తున్నాడు," అంది భాగ్యవతి గొంతు తగ్గించి.

"టేపు లేకుండానే?"

"ఆ వేళ్ళ పని అదే. నిరుడు వచ్చినవాళ్ళు మూడు కాళ్ళ దాని మీద గొట్టం పెట్టి, ఇలాగే ఒక కన్ను మూసి చూశారు."

అమ్మాయి పెట్టె తెరిచింది. పెద్ద తూనీగ లాంటిది గుయ్యిమంటూ పైకి లేచింది. కొమ్మల్లో కాకులు చెదిరిపోయాయి. తోటంతా గోధుమరంగు సంచులే. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడు తొడిగినవి, మచ్చ పడకుండా, ఈగ కుట్టకుండా. దూరం నుంచి చూస్తే ప్రతి కొమ్మకీ కందిరీగల గూళ్ళు వేలాడుతున్నట్టుంటాయి. పెద్దాయన వాటిని చూసి నవ్వాడు.

"అప్పుడివి లేవమ్మా."

"అప్పుడు చాలా లేవు," అంది భాగ్యవతి.

వెళ్ళేముందు ఆయన వంగి ఒక మట్టిబెడ్డ తీసి, చిదిపి, వేళ్ళ మధ్య రాలనిచ్చాడు. "ఈ తోట ఎక్కడిదాకా ఉంటుందమ్మా? సినిమాలో ఆ హీరోయిన్ పిల్ల ఎంతసేపు పరిగెత్తినా చెట్లు అయిపోవు."

"అయిపోతాయండీ. నా వాటా ఇక్కడికి అయిపోతుంది," అని కాలితో ఒక గీత గీసింది. ఆ గీత ఆమె సరిహద్దుకి చాలా లోపలే ఉంది.

*

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చారు. ఈసారి సుభాష్ లేడు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. పెద్దాయన చెప్పులు గట్టునే విప్పి, పాకలోకి వచ్చి నుదురు తుడుచుకున్నాడు.

"కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా అమ్మా?"

సీతారావమ్మకి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నట్టు నటించింది. భాగ్యవతి కుండలో నీళ్ళు ముంచి, గ్లాసు ఆయన చేతికి ఇవ్వకుండా పాక గట్టు మీద పెట్టింది. ఆయన రెండు చేతులా అందుకుని, ఎత్తి పోసుకుని తాగాడు.

"మీరేం చేస్తుంటారండీ?" అంది భాగ్యవతి. "వ్యాపారమా?"

"సినిమా హాల్లో ఆపరేటర్ని. గుడివాడలో. పైన చిన్న గదిలో ఉండి మిషను తిప్పేవాణ్ణి. ఇప్పుడా హాలు ఫంక్షన్ హాలయింది. నేను రిటైరయ్యాను."

"ఆపరేటరు గారికి మా తోటతో పనేంటి?"

"ఈ సినిమా మా హాల్లో చాలా రోజులు ఆడింది. గోడలో ఒక కన్నం ఉంటుంది. అందులోంచి రోజూ, ప్రతి ఆటా చూసేవాణ్ణి. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోతుంది. పట్నం కుర్రాడు ఒక్కడే రోడ్డు మీద మిగిలిపోతాడు. ఎటు చూసినా తోటలు, దూరంగా కొండ. మనిషన్నవాడు లేడు. అంతలో చెట్టు మీద నించి ఎవరో నవ్వుతారు. అక్కడ హాలంతా నిశ్శబ్దమైపోయేది. సోడాలమ్మేవాడు కూడా ఆగిపోయేవాడు."

"మనిషన్నవాడు లేకపోవడమేంటండీ? మేమంతా గట్టు అవతల నిలబడ్డాం. కెమెరాలో పడకుండా తాడు కట్టి ఆపారు."

పెద్దాయన ముఖం విప్పారింది. "మీరు అప్పుడున్నారా?"

నోరు జారానే అనుకుంది భాగ్యవతి. ఇలాగే ఒక్కొక్క మాటే లాగుతారు. "ఊరంతా ఉంది," అంది.

"నాకు ఒకటే అర్థమయ్యేది కాదమ్మా. ఆ సినిమాకి వచ్చేవాళ్ళు సగంమంది పల్లెల నించే వచ్చేవాళ్ళు. పొద్దంతా చెట్ల కింద, చేలల్లో పనిచేసినవాళ్ళే. డబ్బులిచ్చి మళ్ళీ ఆ చెట్లే చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళు."

"మా ఊరి వాళ్ళూ అంతేనండి," అంది సీతారావమ్మ. "బండ్లు కట్టుకుని నూజివీడు పోయి మామిడి చెట్లు చూసొచ్చారు. మా అత్తయితే, మన చెట్టేనే, మన చెట్టేనే అని అరిచిందంట."

"ఎందుకంటారు?" అన్నాడు ఆయన నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

సీతారావమ్మ ఆలోచించింది. "ఇక్కడైతే తలెత్తామంటే పురుగు పడిందా, కాయ పండిందా అని చూడ్డానికే కదండీ. అక్కడ కూర్చోబెట్టి చూపించారు."

"నాకేం ఏడుపు రాలేదు," అంది భాగ్యవతి. "జనవరి నెల తీశారు సినిమా. చెట్టుకి పూతే తప్ప పిందె లేదు. కొండపల్లి బొమ్మల వాళ్ళతో చెక్క కాయలు చేయించి, రంగులేయించి తెచ్చారు. అవి చెట్లకి కట్టారు. చెక్క కాయని చూసి ఆ పిల్ల మురిసిపోతుంటే హాల్లో నాకు నవ్వాగలేదు. అంతా మోసం."

పెద్దాయన మెల్లగా తలాడించాడు. ఏదో చెప్పబోయి, కీర్తిప్రియ పిలిస్తే లేచి వెళ్ళాడు.

తూనీగ మళ్ళీ లేచింది. ఈసారి కలెక్టరు చెట్టు వైపు పోలేదు. రోడ్డు వారనే తిన్నగా కాలవ దాకా వెళ్ళి, అక్కణ్ణించి మలుపు తిరిగి, భాగ్యవతి అసలు సరిహద్దు వెంబడే, గీత గీసినట్టు వెనక్కి వచ్చింది. మళ్ళీ ఒకసారి అదే దారిన తిరిగింది. ఆమె నిన్న కాలితో గీసిన గీతని అది లెక్క చేయలేదు.

"సీతారావమ్మా, ఆ పిల్ల సినిమాలో కాలవ దాకా పరిగెత్తిందా?"

"ఎక్కడ? రెండు చెట్లు దాటేసరికి ఆయాసమొచ్చి కూలబడింది. నేను చూశాగా."

ఆ సాయంత్రం సుభాష్ ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటే భాగ్యవతి అడిగింది.

"వాళ్ళని ఎక్కణ్ణించి పట్టుకొచ్చావురా?"

"ఆ అమ్మాయే ఫోన్లో పెట్టింది పెద్దమ్మా, ఈ చెట్టు ఎక్కడుందో ఎవరికైనా తెలుసా అని. నేనే రమ్మన్నా. పాపం, పెద్దాయన ముచ్చట."

"ఆయన చూపు నాకు నచ్చలేదు."

"నీకు ఎవరి చూపు నచ్చింది గనక," అని నవ్వాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. ఇంట్లో ఆ పని చేసే మగపిల్లాడు అతనొక్కడే. "అన్నట్టు, రోడ్డు వరస సంచులు తీయించమంటున్నారు. కాయ కనపడితే వీడియో అందంగా ఉంటుందంట."

"చాల్లే. కోతకి ఇంకా టైముంది. సంచిలో పెరిగిన కాయ ఈ ఎండకి ఒక్క పూట ఆగదు, కమిలిపోతుంది. సినిమా వాళ్ళకి అందం, నాకు నష్టం. తీయొద్దని చెప్పు."

"చెప్తాలే," అన్నాడు సుభాష్.

*

పొద్దున ఆమె తోటకి వచ్చేసరికి రోడ్డు వరసంతా పచ్చగా మెరుస్తోంది. ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత చెట్ల కింద చూసింది. సంచులు కుప్పలుగా పడి ఉన్నాయి. విప్పి తీసినవి కావు, కిందికి గుంజినవి. సంచి మూతి దగ్గర మెలిపెట్టే సన్నతీగ సగం వాటికి తెగిపోయింది. పైన కాయలు లేత పసుపు రంగులో, నీడన పెరిగిన పసిపిల్లల చెంపల్లా ఉన్నాయి. తూర్పు ఎండ అప్పుడే వాటి మీద పడుతోంది.

"తెల్లారకుండానే ఇద్దరు కుర్రాళ్ళొచ్చి లాగి పారేశారండి," అంది సీతారావమ్మ. "సుభాష్ బాబు పంపాడన్నారు. వీడియో వాళ్ళ కోసమంట. మీకు తెలుసనుకున్నా."

భాగ్యవతి ఇంటికి వెళ్ళి పురికొస ఉండ, నిచ్చెన తీసుకొచ్చింది. తీగ తెగిన సంచిని కాయకి తొడిగి, మూతి మడిచి, పురికొసతో కట్టడం మొదలుపెట్టింది. సీతారావమ్మ కింద నించి సంచులు అందిస్తోంది. తెల్ల కారు వచ్చి ఆగిన చప్పుడు విని కూడా నిచ్చెన దిగలేదు.

"ఏవండీ ఆపరేటరు గారూ!" అంది పై నించే. "చెప్పులు విప్పడం కాదండీ, చెట్టుని చూసి జాలి పడాలి. మీ అందం కోసం నా కాయలు ఎండలో పెట్టారు. మధ్యాహ్నానికి నల్లగా మాడతాయి. అప్పుడొచ్చి తీసుకోండి వీడియో."

కీర్తిప్రియ ముందుకొచ్చింది.

"సంచులు మేం తీయమన్లేదు అమ్మమ్మ గారూ. తాతయ్యకి సంచులతోనే కావాలి. ఇప్పుడు ఎలా ఉందో అలాగే తీద్దాం అన్నాడు."

"మరి ఈ వరసే ఎందుకు తీసినట్టు? నిన్న ఆ తూనీగని నా సరిహద్దు చుట్టూ ఎందుకు తిప్పినట్టు?"

"అది సుభాష్ గారు అడిగారు. రోడ్డు నించి కాలవ దాకా డ్రోన్‌తో రెండుసార్లు తీసిమ్మన్నారు, ఇంట్లో దాచుకుంటామని. ఇవాళ సంచులు లేకుండా ఇంకోసారి తీయమన్నారు. లొకేషన్ చూపించినందుకు అదొక్కటే అడిగారు కదా అని ఒప్పుకున్నాం."

భాగ్యవతి చేతిలో పురికొస ఆగింది. తోట రెండు వాటాలు. మరిది వాటా వెనక ఉంది, దానికి రోడ్డు లేదు. ఈ రోడ్డు వరస, దాని వెనక ఆ అడ్డకొమ్మ చెట్టు తన వాటా. పక్క తోట ఆర్చి మీది సిమెంటు పండు ఆ వరస చివర నించి కనపడుతోంది. ఆమె దాని వంక కాసేపు చూసింది. ఇన్నాళ్ళూ తెల్ల కార్లనే చూసింది గాని, వాటి ముందు వచ్చే మోటార్ సైకిల్ని చూడలేదు.

"అమ్మా, ఎండెక్కుతోంది," అన్నాడు పెద్దాయన. పంచె ఎగ్గట్టి, కింద పడ్డ సంచులు ఏరడం మొదలుపెట్టాడు. కీర్తిప్రియ పెట్టె పక్కన పెట్టి నిచ్చెన పట్టుకుంది. భాగ్యవతి కడుతూ పోయింది. ముచ్చిక చుట్టూ ఒక చుట్టు, ఒక మెలిక, చివర బెత్తెడు తోక. కోతప్పుడు ఆ తోక పట్టుకుని లాగితే ముడి దానంతటదే ఊడిపోతుంది. ఆమె అత్తగారు నేర్పిన పద్ధతి.

ఒక కొమ్మ కిందికి వంగి ఉంది. దానికి కట్టిన సంచి దగ్గర పెద్దాయన ఆగిపోయాడు. మెడ చాచి చూశాడు. గాలికి పురికొస తోక ఊగుతోంది.

"ఈ ముడి నాకు తెలుసమ్మా," అన్నాడు.

"ముడి తెలియడమేంటండీ?"

"మూడో రీలు. ఆ పిల్ల కాయ అందుకోవడానికి చెయ్యి చాస్తుంది. చెయ్యి, కాయ, రెండే కనపడతాయి తెర నిండా. కాయకి దారం కట్టి ఉంటుంది. సినిమాలో మిగతా కాయలన్నిటికీ దారాలు కత్తిరించారు, ఆ ఒక్కదానికే తోక వదిలారు. గాలికి ఇలాగే ఊగుతుంది. అది చెక్క కాయ అని నాకు మొదటి రోజే తెలుసు. రోజూ ఆ తోక కోసం చూసేవాణ్ణి. ఆ ముడి ఎవరేశారో అనుకునేవాణ్ణి."

భాగ్యవతి నిచ్చెన దిగింది. అనుమానంగా ఆయన ముఖంలోకి చూసింది. "చూపించండి," అంది.

కీర్తిప్రియ ఫోను తీసి, వెతికి, వెలుతురు తగలకుండా అరచెయ్యి అడ్డం పట్టింది. చిన్న తెర మీద నలుపు తెలుపుల్లో ఒక చెయ్యి పైకి లేచింది. దాని నిండా గాజులు. పైన కాయ. కాయ తొడిమ దగ్గర ముడి, ముడికి తోక. అది ఊగింది. అంతే, బొమ్మ మారిపోయింది.

"మళ్ళీ వెయ్యి," అంది భాగ్యవతి.

మళ్ళీ వేసింది.

"అప్పుడే కొత్తగా కాపురానికొచ్చాను. ఆడాళ్ళందర్నీ కూర్చోబెట్టి ఆ చెక్క కాయలకి దారాలు కట్టించారు. తోకలు కత్తిరించమని అరుస్తున్నాడు వాళ్ళ మేస్త్రి. కత్తిరిస్తే మళ్ళీ విప్పేదెట్లా అన్నాను. కాయలు తిరిగి ఇచ్చెయ్యాలన్నారు కదా. అందరూ కత్తిరించారు. నేను కత్తిరించలేదు." ఫోను కీర్తిప్రియకి ఇచ్చేసింది. "హాల్లో నవ్వుతూ కూర్చున్నాను. ఇది చూడనేలేదు."

*

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి సుభాష్ వచ్చాడు. వెనక ఇంకో కారు, నల్లది. అందులోంచి ఇద్దరు దిగారు. ఒకతను నల్లకళ్ళద్దాలు పైకి తోసుకుని తోటని ఇటు నించి అటు చూశాడు.

"సంచులు మళ్ళీ ఎందుకు కట్టారండీ?" అన్నాడు సుభాష్ కీర్తిప్రియ వంక చూస్తూ.

"నేను కట్టాను," అంది భాగ్యవతి. "వీళ్ళెవరు?"

"వీళ్ళు... సంతోష్ కుమార్ గారు, పెద్దమ్మా. సినిమా చెట్టు చూద్దామని."

"సూపర్ లొకేషనండీ మేడమ్," అన్నాడు కళ్ళద్దాలాయన. "ఆ పాత సినిమాలంటే మా కస్టమర్లు ప్రాణం పెడతారు. ఆ దుమ్ము రోడ్డు, ఆ తోట, ఆ ఫీలింగే వేరు. వెంచర్ మొత్తం ఆ థీమ్ మీదే. మీ సినిమా చెట్టుని మాత్రం ముట్టుకోం. చుట్టూ గ్రిల్లు వేసి, లైట్లు పెడతాం. దాని పక్కనే క్లబ్ హౌస్."

"మిగతా చెట్లు?"

"ప్లాటుకి ఒక మొక్క ఇస్తాం మేడమ్."

సీతారావమ్మ గంప నేల మీద పెట్టిన చప్పుడు వినపడింది.

"బాబూ, వెనక వాటా మా మరిదిది. అది ఆయనిష్టం. ఈ రోడ్డు వరస, ఆ చెట్టు నావి. నేను అమ్మను. ఎవరి దగ్గరన్నా నా తోట బొమ్మ చూపించి అడ్వాన్సు తీసుకున్నారంటే, ఆ డబ్బిచ్చినవాళ్ళని ఇక్కడికే తీసుకొస్తాను, ఇదే మాట చెప్తాను."

కళ్ళద్దాలాయన సుభాష్ వంక చూశాడు. "ఒప్పుకున్నారన్నారు కదండీ," అన్నాడు, మర్యాద చెడకుండానే. నల్ల కారు వెళ్ళిపోయింది. సుభాష్ వెళ్ళలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మామిడి ఏమిస్తుంది పెద్దమ్మా? మంచు పడితే పూత మాడుతుంది. గాలొస్తే కాయ రాలుతుంది. యార్డులో వాళ్ళు చెప్పిందే రేటు. మా వాటాకి దారి లేదు, నీ వాటా కలవకపోతే ఎవడూ రాడు. నాన్న మందులకే సరిపోవట్లేదు. ఆఖరికి నీకు చెప్దామనే అనుకున్నా."

"ఆఖరికా?"

"ఇన్నేళ్ళ నించి నీ తోట చూసింది నేను. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళని నమ్మావు. నన్ను నమ్మవు."

"నిన్నొక్కణ్ణే నమ్మానురా," అంది భాగ్యవతి. "అందుకే నీ వైపు చూడలేదు."

సుభాష్ కిందికి చూశాడు. కాలి దగ్గర తీగ తెగిన సంచి ఒకటి ఉంది. దాన్ని తీసి, దుమ్ము దులిపి, ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకుని, చివరికి నిచ్చెన మెట్టు మీద పెట్టాడు. "కాయ ఎవరు తోలతారో చూసుకో అయితే," అని బండెక్కాడు. కిక్కు రెండుసార్లు కొట్టినా అందుకోలేదు. మూడోసారికి అందుకుంది.

ఆ చప్పుడు రోడ్డు మలుపు దాకా వినపడింది. తర్వాత వినపడలేదు. భాగ్యవతి పాక గట్టున కూర్చుని కుండలోంచి నీళ్ళు ముంచుకుంది. సుభాష్ లేని కోత ఆమెకి తెలియదు. యార్డులో ఎవరితో మాట్లాడాలో తెలియదు.

"మా అల్లుడికి ట్రక్ ఆటో ఉంది," అంది సీతారావమ్మ ఎటో చూస్తూ. "తాగుబోతు వెధవే గాని, పొద్దున పూట బాగానే నడుపుతాడు."

భాగ్యవతికి నవ్వు వచ్చీ రానట్టయింది. రెండో గ్లాసు నీళ్ళు ముంచి పెద్దాయన చేతికే ఇచ్చింది.

"అన్నయ్య గారూ, మొన్న నేను చూపించింది సినిమా చెట్టు కాదండి."

"తెలుసమ్మా."

"తెలుసా?"

"ఆగిరిపల్లి కొండ ఆ అడ్డకొమ్మకి ఎడం పక్కన రావాలి. అక్కడ ఎంత జరిగినా కుడి పక్కనే వస్తోంది." నీళ్ళు తాగి గ్లాసు బోర్లించాడు. "చూపించడం ఇష్టం లేదేమో అనుకున్నా. బలవంతంగా చూసేదేముంది?"

ఆమె లేచి ముందు నడిచింది. రోడ్డు వరస వెనక, నేలకి అడ్డంగా వాలిన కొమ్మ దగ్గర ఆగింది. కొమ్మ నడుమ నలుగురు కూర్చుంటే అరిగినట్టు నునుపుగా ఉంది. పెద్దాయన దాన్ని ముట్టుకోలేదు. వెనక్కి అడుగులు వేసి, మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళు చదరంగా పట్టి, కన్ను మూశాడు. ఈసారి జరగలేదు. చాలాసేపు అలాగే ఉన్నాడు. కీర్తిప్రియ కెమెరా ఎత్తబోయి, తాతని చూసి దించేసింది.

"అమ్మాయ్," అంది భాగ్యవతి. "మొన్నా నిన్నా తీసినవన్నీ చెరిపెయ్. ఇవాళ ఏదన్నా తీసుకుంటే తీసుకో. మా ఊరి పేరు మాత్రం చెప్పకు."

"ఊరి పేరు చెప్పకపోతే ఎవరు చూస్తారు అమ్మమ్మ గారూ? నా వీడియోలు చూసేదే అడ్రసు కోసం."

"అందుకే వద్దంటున్నా."

కీర్తిప్రియ తాత వంక చూసింది. ఆయన కన్ను తెరవకుండానే, "పేరొద్దులే," అన్నాడు. ఆ పిల్ల మొహం కాస్త మాడింది. అయినా ఫోను తీసి ఒక్కొక్కటే భాగ్యవతికి చూపిస్తూ చెరిపేసింది. భాగ్యవతి ప్రతిదీ పోయిందాకా చూసింది. "అయిపోయాయా? ఇంకెక్కడా దాచుకోలేదుగా?" అని రెండుసార్లు అడిగింది.

తర్వాత ఆయన పక్కకి వెళ్ళింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుని, ఆ వేళ్ళ చదరంలోంచి తొంగి చూసింది. అడ్డకొమ్మ, దానికి ఎడంగా ఎండలో తెల్లబడ్డ కొండ, మధ్యలో నీడన కాళ్ళు చాపుకుని అన్నం కలుపుకుంటున్న సీతారావమ్మ. కొమ్మల నిండా గోధుమరంగు సంచులు, కొన్నిటికి ఊగుతున్న పురికొస తోకలు.

"సంచులు కూడా పడుతున్నాయా అందులో?" అంది.

"పడుతున్నాయమ్మా."

"పడనీండి."